మంచు మీద తప్పటడుగులు

నాలుగేళ్ళు కూడా నిండని ఒక పసివాడు చిట్టి స్కీలమీద జారుతూ వచ్చి నా పక్కన ఆగాడు. నేను మంచులో వెల్లకిలా పడి ఉన్నాను. నా ఎడమకాలి స్కీ ఆకాశం వైపు చూస్తున్నది; కుడికాలిది ఊడి పది గజాల దిగువకు జారిపోయింది. ఆ పసివాడు నన్ను కాసేపు పరిశీలనగా చూసి తన భాషలో ఏదో అడిగాడు. అప్పటికి నాకు వచ్చిన జర్మన్ మాటలు రొట్టె కొనుక్కోవడానికీ, బస్సు టిక్కెట్టు తీసుకోవడానికీ మాత్రమే చాలేవి. నేను నవ్వాను. వాడు నవ్వలేదు. గ్లౌజు తొడిగిన చిన్న చేతిని నా వైపు చాచాడు. ఆ చేయి పట్టుకుని నేను లేవబోతే ఇద్దరమూ పడతామన్న సంగతి వాడికి తెలియదు.

అది 2017వ సంవత్సరం డిసెంబరు మాసం. స్థలం, ఆస్ట్రియా దేశంలో టిరోల్ రాష్ట్రానికి ముఖ్యపట్టణమైన ఇన్స్‌బ్రుక్ నగరాన్ని ఆనుకుని, ముట్టర్స్ అనే గ్రామం పైనున్న కొండవాలు. నాకప్పుడు ఇరవైమూడేళ్ళు. ఆ ఏడు వరకూ నేను మంచును చూసినది సినిమాలలోనూ, రిఫ్రిజిరేటరు పై అరలోనూ మాత్రమే. మాది పల్నాడు. వేసవి వచ్చిందంటే వార్తలలో ఎండల పట్టికకు తరచు మొదటి పేరుగా ఎక్కే రెంటచింతల మా ఊరికి ఎంతో దూరం లేదు. మా నాన్న మిరప పండిస్తాడు. ఆయన పొలం కాగితాలు బ్యాంకులో పెట్టి అప్పు తెచ్చి నన్ను వాతావరణ శాస్త్రం చదవడానికి పంపాడు. వానకోసం ఆకాశం వైపు చూసే ఇంట్లో పుట్టినదాన్ని కనుక, ఆ చదువు ఎందుకని మా ఇంట్లో ఎవరూ అడగలేదు. అంత చలిదేశంలో ఎందుకని మాత్రం అందరూ అడిగారు.

ఇన్స్‌బ్రుక్ అంటే ఇన్ నదిమీది వంతెన అని అర్థం. సముద్రమట్టానికి 574 మీటర్ల ఎత్తున, రెండు పర్వతశ్రేణుల నడుమ ఇరుకైన లోయలో ఆ ఊరు ఒదిగి ఉంటుంది. ప్రధాన వీధిలో నిలబడి ఉత్తరానికి చూస్తే వీధి చివర ఆకాశం కనబడదు, కొండ కనబడుతుంది. పాతబస్తీలో పాత మేడ ఒకటి ఉన్నది. దాని ముంగిట మాక్సిమిలియన్ చక్రవర్తికోసం 1500 ప్రాంతంలో కట్టిన వసారా పైకప్పుకు బంగారుపూత పూసిన రాగిపలకలు 2,657 ఉన్నాయని మార్గదర్శకులు లెక్క చెబుతారు. నాకు అంతకన్నా విశ్వవిద్యాలయం పుట్టిన కథే నచ్చింది. 1669లో లియోపోల్డ్ చక్రవర్తి దానిని స్థాపించినప్పుడు ఖర్చుకు సొమ్ము ఎక్కడనుంచి తెచ్చాడనుకున్నారు? సమీపాన హాల్ పట్టణపు గనులలో దొరికే ఉప్పుమీద ప్రత్యేకమైన పన్ను వేశాడు. ఉప్పుపన్ను అనగానే మనకు దండి గుర్తుకు వస్తుంది. అక్కడ అదే పన్ను ఒక విద్యాలయానికి పునాది అయింది. నేను చదివిన కాలంలో మావంటి విదేశీయులు చెల్లించవలసిన రుసుము ఆరు మాసాలకు సుమారు 727 యూరోలు. నిజం చెప్పాలంటే నా అప్పులో ఎక్కువ భాగాన్ని మింగినది చదువు కాదు. గది అద్దె, ఉన్నిబట్టలు.

ఊరి నడిబొడ్డునుండి కొండరైలు, రోప్‌వే మార్చుకుంటూ వెళితే ఇంచుమించు ఇరవై నిమిషాలలో రెండువేల రెండువందల మీటర్లు దాటిన హాఫెలెకార్ శిఖరం దగ్గర దిగవచ్చు. విశ్వకిరణాలను కనుగొన్నందుకు 1936లో నోబెల్ బహుమతి పొందిన విక్టర్ హెస్ ఆ శిఖరం దాపున 1931లో ఒక పరిశోధనాకేంద్రం నెలకొల్పాడు. ఆ కిరణాలను పట్టుకోవడానికే మన దేశంలో దేబేంద్రమోహన్ బోస్, విభా చౌధురి హిమాలయాల ఎత్తులకు ఫొటో పలకలు పంపారు. ఎత్తుకు ఎక్కనిదే తెలియని విషయాలు కొన్ని ఉంటాయి. అయితే హెస్ కేంద్రానికి రోప్‌వే ఉన్నది. నేను చేరవలసిన చోటికి లేదు.

మొదటి మాసంలోనే మా ఆచార్యులు తరగతిలో హింటర్ఐస్ఫెర్నర్ అనే పేరు పలకపై రాశారు. అది ఓట్జ్‌టాల్ పర్వతాలలో, 3,738 మీటర్ల వైస్‌కుగెల్ శిఖరం పాదాలనుండి దిగివచ్చే ఒక హిమానీనదం. 1952నుండి ఇన్స్‌బ్రుక్ శాస్త్రజ్ఞులు ఏటేటా దాని లాభనష్టాలు కొలుస్తూనే ఉన్నారు. ఇంత సుదీర్ఘమైన లెక్క ప్రపంచంలో ఏ కొద్ది హిమానీనదాలకో తప్ప లేదు. మన హిమాచల్ ప్రదేశ్‌లో ఛోటా షిగ్రీకి ఇటువంటి లెక్క 2002లో మొదలయింది. పద్ధతి గృహస్థుడి జమాఖర్చు వంటిదే. చలికాలమంతా కురిసిన మంచు జమ. వేసవిలో కరిగినది ఖర్చు. జమ తేల్చాలంటే వసంతంలో, కరగడం మొదలుకాకముందే పైకి వెళ్ళి, నిరుటి మంచుగడ్డ తగిలేదాకా గోతులు తవ్వి, కొత్తమంచును తూచి, అది ఎంత నీటితో సమానమో లెక్కకట్టాలి. మూడు మీటర్ల లోతు మంచు, ఘనమీటరుకు నాలుగువందల కిలోల బరువున తూగితే, అది మీటరుకు పైన ఇరవై సెంటీమీటర్ల నీటితో సమానం.

నేను నా పరిశోధనావ్యాసం దానిమీదనే రాస్తానన్నాను. ఆచార్యులు నా వైపు చూసి, "వసంతంలో అక్కడికి స్కీలమీదనే వెళ్ళాలి. స్కీ రానివారు ఇక్కడ కూర్చుని ఇతరులు తెచ్చిన అంకెలతో పని చేయవచ్చు" అన్నారు. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. కానీ ఇతరులు తెచ్చిన అంకెలతో పని చేయడానికి మా నాన్న పొలం తాకట్టు పెట్టలేదు. విశ్వవిద్యాలయపు క్రీడావిభాగం తక్కువ రుసుముకు నేర్పే తరగతిలో ఆ వారమే పేరు రాయించాను. ఊరు విడిచి వెళ్ళిపోతున్న ఒక విద్యార్థి దగ్గర పాత స్కీలు కొన్నాను.

స్కీ బూటు తొడుక్కుని నడవడమే ఒక విద్య. మెడకు గుదిబండ కట్టిన దూడలా తూలుతూ నడిచేదాన్ని. దిగువనుండి పైకి లాగే యంత్రం దగ్గర, ఉక్కుతీగకు వేలాడే కొయ్య వెనుకకు వచ్చి తగులుతుంది. దానిమీద కూర్చోకూడదు, ఆనుకుని నిలబడాలి. ఈ సంగతి నాకు రెండు భాషలలో చెప్పారు. నేను కూర్చున్నాను. నా వెనుక వరుసలోని పదిమంది నేను లేచి పక్కకు జరిగేవరకు ఓపికగా నిలబడ్డారు.

ఆగడానికి స్కీల ముందుకొనలు దగ్గరచేసి వెనుక కొనలు ఎడంచేయాలి. పిల్లలకు ఆ ఆకారం గుర్తుండేందుకు అక్కడి శిక్షకులు "పిజ్జా!" అని కేకవేస్తారు. ఆ వాలుమీద మేము పెద్దవాళ్ళం ఒక వైపు, పిల్లల బడి ఒక వైపు. పిల్లలు వెన్నులో భయమనే ఎముక లేకుండా పుట్టినట్లు జారిపోయేవారు. నా కష్టం అంతా భయంతోనే. వాలు చూడగానే శరీరం తనంతట తాను వెనక్కి వాలుతుంది. వెనక్కి వాలితే స్కీల ముందుభాగం తేలిపోయి, మాట వినదు. వేగం ఇంకా పెరుగుతుంది. లోయవైపుకు, అంటే దేనికి భయపడుతున్నామో దానివైపుకే, ఛాతీ వంచాలి. భౌతికశాస్త్రంలో పట్టభద్రురాలిని కనుక కారణం మొదటిరోజే అర్థమయింది. మోకాళ్ళకు అర్థం కావడానికి ఆరు వారాలు పట్టింది.

"చదువుకోవడానికి పోయావా తల్లీ, జారుడుబండ ఆడుకోవడానికి పోయావా?" అని మా నాన్న ఫోనులో అడిగాడు. ఫొటోలు పంపినది నా తప్పే. చదువుకోసమే జారుతున్నానని చెప్పాను. ఆయన కాసేపు ఆగి, "కాలు విరగ్గొట్టుకోకు, అక్కడ వైద్యానికి ఎంతవుతుందో ఏమో" అన్నాడు.

జర్మన్ భాషలో మనకున్నట్లే మీరు, నువ్వు అనే తేడా ఉన్నది. కొట్లోగాని, కార్యాలయంలోగాని పరిచయం లేనివారిని మీరు అనే సంబోధించాలి. కానీ వెయ్యి మీటర్లు దాటితే అందరూ నువ్వేనని టిరోల్ వారి కొండకట్టుబాటు. పట్టణంలో నాకు నమస్కారం పెట్టి ముభావంగా తప్పుకునే మనిషే కొండమీద నా పక్కన కూర్చుని తన రొట్టెలో సగం తుంచి ఇచ్చి, "నువ్వు ఎక్కడిదానివి?" అని అడిగేవాడు. వాలుమీద ఇంకొక ధర్మం కూడా ఉన్నది: పైనుండి వచ్చేవాడే దిగువనున్నవానికి దారి వదలాలి. బలవంతుడే తప్పుకోవాలన్నమాట. మన రహదారులను తలచుకుని నేను నవ్వుకున్న సందర్భాలలో అది ఒకటి.

స్కీ ఈ పర్వతాలకు పుట్టుకతో వచ్చిన విద్య కాదు. నార్వేవారిది. నాన్సెన్ 1888లో స్కీలమీద గ్రీన్‌లాండును దాటి రాసిన గ్రంథం చదివి మధ్య యూరప్‌లో ఉత్సాహవంతులు మొదలుపెట్టారు. నార్వే మైదానాలకు తగిన పద్ధతి ఈ నిటారు వాలులకు పనికిరాదని ఆస్ట్రియాలో జ్‌డార్స్కీ, ఆ తరువాత ఆర్ల్‌బెర్గ్ ప్రాంతపు హాన్నెస్ ష్నైడర్ కొత్త పద్ధతులు అల్లారు. ఇన్స్‌బ్రుక్ 1964లోనూ, 1976లోనూ శీతాకాలపు ఒలింపిక్ క్రీడలకు వేదిక అయింది. 1964లో విచిత్రం, మంచే పడలేదు. సైనికులు పైకొండలనుండి నలభైవేల ఘనమీటర్ల మంచు మోసుకువచ్చి వాలులమీద పరిచారు. ఆ క్రీడలలోనే మన దేశం తరఫున తొలిసారిగా ఒక స్కీయరు పాల్గొన్నాడు. ఆయన పేరు జెరెమీ బుజకోవ్‌స్కీ. పోలండు కుటుంబంలో పుట్టి, శరణార్థిగా మన దేశం చేరి, మన పతాకం కింద నిలబడినవాడు. నేను తిరిగివచ్చిన తరువాత, 2022లో బీజింగ్ క్రీడలకు కాశ్మీరునుండి ఆరిఫ్ ఖాన్ ఒక్కడే వెళ్ళినప్పుడు, జెయింట్ స్లాలమ్‌లో 45వ స్థానంలో ముగించడం చూసి మా ఇంట్లో నేనొక్కదాన్నే చప్పట్లు కొట్టాను. అంతదూరం పడకుండా రావడమంటే ఏమిటో నాకు తెలుసు.

2018 జనవరిలో మంచు ఎడతెరపి లేకుండా కురిసింది. టిరోల్‌లో మంచుచరియల ప్రమాదాన్ని ఒకటినుండి ఐదు అంకెలతో రోజూ ప్రకటిస్తారు. ఆ మాసంలో పశ్చిమాన కొన్ని ప్రాంతాలకు ఐదవ అంకె పడింది. మా ఇంటి యజమానురాలు రేడియో పెద్దది చేసి, నిలబడే విన్నది. 1999 ఫిబ్రవరిలో గాల్ట్యూర్ అనే గ్రామంమీద పడిన చరియ 31 మందిని పొట్టన పెట్టుకున్నది. మరునాడు పక్క పల్లెలో ఇంకొక ఏడుగురు. అక్కడివారికి ఆ తేదీలు మనకు దివిసీమ ఉప్పెన వంటివి. మాకు క్రీడావిభాగంలోనే చరియలో చిక్కినవారిని వెదికే పద్ధతి నేర్పారు. ప్రతివారూ ఒంటికి కట్టుకునే చిన్న పరికరం సంకేతాలు పంపుతుంది. మిగిలినవారు తమ పరికరాలతో ఆ సంకేతాన్ని పట్టి, పొడవైన కడ్డీతో పొడిచి చూసి, పారతో తవ్వాలి. మంచులో పూడిన మనిషికి మొదటి పది పదిహేను నిమిషాలే ఆశ. ఒక సంచిలో పరికరం పెట్టి పాతిపెట్టి, వెదకమన్నారు. నాకు ఇరవై రెండు నిమిషాలు పట్టింది. శిక్షకుడు గడియారం చూసి ఏమీ అనలేదు. మరో ఆరుసార్లు వెదికించాడు.

ఏప్రిల్ చివరికి నేను స్కీలమీద అందంగా కాకపోయినా, పడకుండా దిగగలిగేదాన్ని. ఎక్కడం వేరే పని. స్కీల అడుగున ఒక వైపే జారే నూగు ఉన్న పట్టీలు అంటించుకుని, మడమ పైకి లేచే బిగింపుతో, గంటలకొద్దీ నడవాలి. ఆచార్యులు, ఇద్దరు సీనియర్ విద్యార్థులు, నేను, మొత్తం నలుగురం 1,895 మీటర్ల ఎత్తునున్న వెంట్ గ్రామంనుండి బయలుదేరి, లోయలో పర్వతారోహకుల విడిదికి చేరాము. 1991 సెప్టెంబరులో అయిదువేల మూడువందల ఏళ్ళనాటి మానవుని కళేబరం మంచులోనుండి బయటపడినది అక్కడికి పెద్ద దూరం కాదు. మంచు తగ్గింది కాబట్టే అతడు కనబడ్డాడు. ఆ కనుగోలును గురించి లోకమంతా సంబరపడిందిగాని, అతన్ని దాచిన మంచు ఏమయిందని అడిగినవారు తక్కువ.

మొదటి రెండురోజులలో దిగువ గోతులు తవ్వాము. రెండు మనుషుల లోతు గోతిలో దిగి, ఇనుపగొట్టంతో పొరపొరకూ మంచు తీసి తూచి, వణికే వేళ్ళతో పుస్తకంలో రాసేదాన్ని. మూడవరోజుకు మిగిలినది ఎగువన ఉన్న గొయ్యి. నా వ్యాసానికి ముఖ్యమైనది అదే. నాలుగవరోజు తుఫాను వస్తుందని సూచన. ఆ తరువాత బృందానికి ఊళ్ళో ఇతర పనులు.

తెల్లవారుజామున నాలుగుగంటలకు తలదీపాలు పెట్టుకుని బయలుదేరాము. వసంతంలో ఆ వేళకే కదలాలి. పగటి ఎండకు మెత్తబడిన మంచు రాత్రి చలికి గట్టిపడుతుంది; ఎండ మళ్ళీ తగిలేలోగా దాటిపోవాలి. అరగంట నడిచాక నాకు అడుగు తేడా తెలిసింది. గట్టిగా కరకరలాడవలసిన మంచు నా స్కీల కింద మెత్తగా కుంగుతున్నది. ముందు ఏటవాలు గోడలా ఉన్నది. దాని అడుగునుండే అడ్డంగా వెళ్ళాలి.

ఆచార్యులు ఆగి తన ఊతకర్రను మంచులోకి నొక్కారు. పిడిదాకా దిగిపోయింది. తల పైకెత్తారు. చుక్కలు లేవు. "నీ పాఠం ఏం చెబుతుంది?" అని నన్ను అడిగారు.

ఆ పాఠంలో నాకు మంచి మార్కులే వచ్చాయి. రాత్రి ఆకాశం నిర్మలంగా ఉంటే నేల తన వేడిని పైకి వదిలేసి చల్లబడుతుంది. మబ్బు కమ్మితే, దుప్పటి కప్పినట్లు, ఆ వేడి తిరిగివస్తుంది. సంక్రాంతి రోజులలో మబ్బులేని రాత్రే చలి ఎక్కువని మా ఊళ్ళో సమీకరణం తెలియనివారికీ తెలుసు. ఆ రాత్రి మబ్బు ఉన్నది. అందుకే మంచు గట్టిపడలేదు. అంతా అప్పగించాను.

"అయితే?" అన్నారు ఆయన.

"ఇంకొంచెం దూరం వెళ్ళి చూద్దాం" అన్నాను నేను.

ఆయన నాతో వాదించలేదు. కోప్పడలేదు. స్కీలు వెనక్కి తిప్పారు. సీనియర్లిద్దరూ ఆయన వెంట తిరిగారు. నేను ఒక నిమిషం అక్కడే నిలబడ్డాను. ఆ గొయ్యి లేకపోతే నా పటంలో సగం ఖాళీ. రెండేళ్ళ చదువు, పొలం కాగితాలు, ఆరువారాలు మోకాళ్ళకు నేర్పిన పాఠం అన్నీ ఆ ఏటవాలుకు అవతల ఉన్నట్లు తోచింది. తరువాత వారి దీపాల వెనుక నేనూ తిరిగాను. కుళ్ళిన మంచులో స్కీ తిప్పడం నాకు రాదు. విడిదికి చేరేలోగా నాలుగుసార్లు పడ్డాను. మొదటిసారి పడినప్పుడు ఆచార్యులే వచ్చి చేయి అందించారు. మిగతా మూడుసార్లు నేనే లేచాను.

ఆ వాలు ఆ రోజు జారలేదు. విడిది కిటికీలోనుండి మధ్యాహ్నమంతా అటే చూస్తూ కూర్చున్నాను. సాయంత్రానికి కూడా అలాగే, ముడత లేని దుప్పటిలా ఉన్నది. మేము వెళ్ళి ఉంటే జారేదా, జారకపోయేదా అన్నది తేలే విషయం కాదు. ఆ రాత్రి భోజనాల దగ్గర నేను ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. తెల్లవారి తుఫాను రానే వచ్చింది. నా వ్యాసంలో ఆ స్థానానికి ఎదురుగా "కొలవలేదు" అన్న ఒక్క మాట ఉన్నది. పరీక్షకులు దానిని గురించి అడిగితే కారణం చెప్పాను. తల ఊపి తరువాతి పుటకు వెళ్ళారు.

సెప్టెంబరు చివర, ఆ సంవత్సరపు ఖర్చు లెక్కకు మళ్ళీ వెళ్ళాము. ఈసారి స్కీలు లేవు, బూట్లకు ఇనుపముళ్ళు. హిమానీనదపు నాలుక బూడిదరంగులో, మట్టిపట్టి, కాలువలు కాలువలుగా కారుతున్నది. కిందటి శరత్తులో అక్కడ మంచుగడ్డలోకి ఆవిరియంత్రంతో లోతైన రంధ్రం చేసి, పైకొన మంచుమట్టానికి సమంగా ఉండేట్లు ఒక కొయ్యను దింపారట. ఇప్పుడు ఆ కొయ్య నా పక్కన నిటారుగా నిలబడి ఉన్నది. దాని కొనను అందుకోవాలని చేయి చాచాను. అందలేదు. సీనియర్ విద్యార్థి టేపు పట్టుకుని అంకె పలికితే, నేను పుస్తకంలో రాశాను. మళ్ళీ ఆవిరియంత్రం వెలిగించి, కుక్కరు కూతవంటి చప్పుడు మధ్య కొత్త రంధ్రం చేసి, కొయ్యను మట్టానికి దింపాము.

ఆ రాత్రి వెంట్ నుండి ఇంటికి ఫోను చేశాను. "ఎంత పోయింది?" అని నాన్న అడిగాడు. మనిషి నిలువుకు మించి పోయిందని చెప్పాను.

"మన బావిలాగానా?"

"అవును నాన్నా."

"ఈ ఏడు మంచు బాగా పడుతుందా?" వాన సంగతి అడిగినట్లే అడిగాడు.

చెప్పలేనన్నాను. 2019 జనవరిలో మంచు అక్కడి పెద్దవాళ్ళు కూడా అరుదుగా చూసినంత కురిసింది. ముట్టర్స్ వాలుమీద పిల్లలు నడుములోతు మంచులో ఆడుకుంటుంటే, నేను వారి మధ్యనుండి పడకుండా దిగాను. ఆ ఏటి వేసవి ముగిసి లెక్క తేలేసరికి, హింటర్ఐస్ఫెర్నర్ ఖాతాలో చివరకు మిగిలినది మళ్ళీ లోటే.